కుట్ల ముందు లోకల్ సూది: ఏ మందు, ఎంత, అందులో ఏం కలపాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పీహెచ్‌సీల్లో, ఏరియా ఆసుపత్రుల్లో కొత్తగా డ్యూటీకి చేరిన డాక్టర్ల కోసం, హౌస్ సర్జన్ల కోసం, కుట్ల గదిలో సిరంజిలోకి మందు తీసిచ్చే నర్సుల కోసం ఇది రాస్తున్నాను. మనలో చాలామందికి లోకల్ (సూదిచ్చిన చోటును మాత్రమే మొద్దుబార్చే మత్తు) అంటే ఒకటే మందు, ఒకటే సీసా. 2 శాతం లిగ్నోకైన్, 30 మి.లీ., రబ్బరు మూత. గాలం దిగిన వేలికీ అదే, కొడవలి తెగిన కాలికీ అదే, చీముగడ్డ కోయడానికీ అదే. మందు మంచిదే. కానీ ఎంత ఎక్కించామో మి.లీ.ల్లో చూస్తాం, మి.గ్రా.ల్లో చూడం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నాకు జరిగింది చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజులు. వరి కోతలప్పుడు ఒక పెద్దామెను తీసుకొచ్చారు. కొడవలి జారి పిక్క మీద జానెడు మేర తెగింది. సన్నటి మనిషి. బరువు తూచలేదు, నలభై కిలోలుంటుందేమో. నొప్పి అన్నప్పుడల్లా ఇంకాస్త, ఇంకాస్త అంటూ 15 మి.లీ. దాకా ఎక్కించాను. నాలుగో కుట్టు వేస్తుండగా "ఏటో బాబూ, నాలిక మొద్దుబారిపోతంది, సెవుల్లో గుయ్యిమంటంది" అంది. భయపడుతోందనుకుని "ఏం కాదమ్మా, అయిపోవచ్చింది" అన్నాను. నిమిషం తిరక్కుండా పెదవి కొస అదరడం మొదలైంది, వెంటనే ఫిట్స్. ఆక్సిజన్ పెట్టి, ఫిట్స్ ఆపే మిడజోలమ్ ఇచ్చాక తేరుకుంది. సాయంత్రానికి కూతురితో మాట్లాడింది. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఆమెకు ఇవ్వదగింది 120 మి.గ్రా., నేనిచ్చింది 300. నాలుక మొద్దుబారుతోందని ఆమే ముందుగా చెప్పింది. నేనే వినలేదు.

ముందు బరువు, తర్వాత సీసా

కాబట్టి మొదటి పని, మనిషిని తూకం మీద నిలబెట్టండి. నిలబడలేకపోతే ఇంట్లోవాళ్లను అడిగి, మీ అంచనాను కాస్త తగ్గించి పట్టుకోండి. పుస్తకాల్లో ఉదాహరణలు 70 కిలోల మనిషికి ఉంటాయి. మన కుట్ల గదికి వచ్చే కూలి మనుషుల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, 40, 45 కిలోలవాళ్లు ఎంతమందో మీరే చూస్తుంటారు.

రెండో పని, శాతాన్ని పదితో గుణించండి. ఒక మి.లీ.లో ఎన్ని మి.గ్రా. మందుందో అదే. 2 శాతమంటే 20 మి.గ్రా., 1 శాతమంటే 10, 0.5 శాతమంటే 5. కొన్ని లిగ్నోకైన్ లేబుళ్ల మీద మి.లీ.కి 21.3 మి.గ్రా. అని ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. లవణంలోని నీటిని కూడా కలిపి రాసిన అంకె అది. లెక్కకు 20 అనే పట్టుకోండి.

మూడో పని, కిలోకు ఎంత దాటకూడదో చూడండి. ఒట్టి లిగ్నోకైన్ 3 మి.గ్రా., అడ్రినలిన్ కలిసిన లిగ్నోకైన్ 7, బుపివకైన్ 2, రోపివకైన్ 3. ఒట్టి లిగ్నోకైన్‌కు 4.5 దాకా ఒప్పుకునే పుస్తకాలూ ఉన్నాయి. నేను మాత్రం 3 దగ్గరే ఆగుతాను. మన రోగుల్లో రక్తహీనత, బలహీనత ఎక్కువ, లివరు సంగతి మనకు చాలాసార్లు తెలియదు. ఎంత బరువున్నవారికైనా ఒట్టి లిగ్నోకైన్ 300 మి.గ్రా., అడ్రినలిన్‌తో 500 మి.గ్రా. దాటించకండి.

ఇప్పుడు నలభై కిలోల మనిషికి వేసి చూద్దాం. ఒట్టి లిగ్నోకైన్ 120 మి.గ్రా., అంటే 2 శాతం మందు 6 మి.లీ. మాత్రమే. 10 మి.లీ. సిరంజి నిండా లాగామంటే అప్పుడే హద్దు దాటినట్టు. ఆ 30 మి.లీ. సీసాలో 600 మి.గ్రా. ఉంది, ఆమెకు పనికొచ్చే దానికి అయిదింతలు. పది కిలోల పిల్లవాడికైతే 30 మి.గ్రా., 2 శాతంలో 1.5 మి.లీ. నుదుటి మీద గాయానికి అది చాలదనిపిస్తుంది. అప్పుడు మందు పెంచకండి, నీళ్లు పెంచండి. అదే 1.5 మి.లీ.కి అంతే నార్మల్ సెలైన్ కలిపితే 1 శాతం మందు 3 మి.లీ. అవుతుంది. ఇంకా పలచన చేసి 0.5 శాతానికి తెస్తే 6 మి.లీ. వస్తుంది. చర్మానికి కుట్లు వేయడానికి 1 శాతం చక్కగా సరిపోతుంది, 0.5 శాతం కూడా పనిచేస్తుంది. 2 శాతం అవసరమయ్యేది బ్లాక్ ఇచ్చేటప్పుడే, అంటే నరం దగ్గర మందిచ్చి అది వెళ్లే భాగాన్నంతా మొద్దుబార్చేటప్పుడే. ఈ ఒక్క అలవాటు మార్చుకున్నా సగం ప్రమాదం తప్పుతుంది.

మందుల్లో తేడా ఎక్కడ

లిగ్నోకైన్‌ను 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. రెండు నుంచి అయిదు నిమిషాల్లో పట్టు దొరుకుతుంది, అడ్రినలిన్ లేకుండా గంట అటూ ఇటూ ఉంటుంది. కుట్లకు, గాలం తీయడానికి, చీముగడ్డకు అదే చాలు.

బుపివకైన్ 1957 నాటిది. పట్టడానికి ఆలస్యం, కానీ పట్టాక గంటల తరబడి వదలదు. హెర్నియా, సిజేరియన్ కోత చుట్టూ ఇస్తే రోగి మొదటి రాత్రి నిద్రపోగలుగుతాడు. దాని ప్రమాదం గుండెలో ఉంది. గుండె కండరంలో విద్యుత్ సంకేతాలను నడిపే సోడియం చానెళ్లలోకి లిగ్నోకైన్ త్వరగా వెళ్లి త్వరగా బయటికొస్తుంది. బుపివకైన్ త్వరగానే వెళ్తుంది, బయటికి రావడానికి మాత్రం తాత్సారం చేస్తుంది. అది వదిలేలోగా గుండె మళ్లీ కొట్టుకోవాల్సిన వేళ వచ్చేస్తుంది. అందుకే పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే ఫిట్స్‌తో ఆగదు, గుండె ఆగిపోతుంది, ఎంత సీపీఆర్ చేసినా ఒక పట్టాన తిరిగిరాదు. 1979లో ఆల్‌బ్రైట్ అనే వైద్యుడు ఈ మాట గట్టిగా రాశాడు. కాన్పు ఎపిడ్యూరల్స్‌లో (నడుము దగ్గర వెన్ను పొర బయట ఇచ్చే సూదిలో) 0.75 శాతం బుపివకైన్ వాడొద్దని 1984లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. చేతికి టూర్నికే (రక్తం ఆడకుండా బిగించే పట్టీ) కట్టి సిరలోకి లోకల్ ఎక్కించే బయర్స్ బ్లాక్‌లో బుపివకైన్‌ను ఎప్పుడూ, ఏ కారణంగానూ వాడకూడదు.

రోపివకైన్ దాదాపు అంతసేపే పనిచేస్తుంది, గుండె మీద ప్రభావం కొంత తక్కువ, కండరాలు కూడా అంతగా చచ్చుబడవు. స్టోర్‌లో రెండూ ఉండి పెద్ద నరం బ్లాక్ ఇస్తుంటే నేను రోపివకైనే తీస్తాను. చిన్న ఆసుపత్రిలో అది లేకపోతే బెంగపడాల్సిన పనేం లేదు.

లిగ్నోకైన్, బుపివకైన్ రెండూ కలిపితే "త్వరగా పడుతుంది, ఎక్కువసేపు ఉంటుంది" అని చాలామంది అంటారు. నా అనుభవంలో త్వరగా పట్టడంలో లాభం కొద్దే, బుపివకైన్ బలం మాత్రం సగానికి పలచబడుతుంది. అయినా కలిపేటట్టయితే విషప్రభావం కూడా కలుస్తుందని మరవొద్దు. లిగ్నోకైన్‌ను దాని హద్దులో సగం వాడితే, బుపివకైన్‌ను కూడా దాని హద్దులో సగానికే ఆపాలి. రెండిటినీ పూర్తి డోసులో ఇవ్వొచ్చనుకోవడం పెద్ద పొరపాటు.

అడ్రినలిన్: ఏం ఇస్తుంది, ఏం తీసుకుంటుంది

మందును ఎంచుకోవడం ఒక నిర్ణయం, అందులో ఏం కలపాలన్నది వేరే నిర్ణయం. లేబుల్ మీద ఉన్నది చదవకుండా ఈ రెండూ కలిపేసుకుంటాం.

అడ్రినలిన్ రక్తనాళాలను ముడుస్తుంది. మందు అక్కడే నిలుస్తుంది, రక్తంలోకి నెమ్మదిగా వెళ్తుంది. అందుకే కిలోకు 3 నుంచి 7 దాకా వెళ్లగలుగుతాం, గంట పట్టు రెండు మూడు గంటలవుతుంది. కోత దగ్గర రక్తం కారడం తగ్గుతుంది. తలకు, ముఖానికి కుట్లు వేసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. కానీ సూది గుచ్చగానే కోత పెట్టకండి, కనీసం ఏడు నుంచి పది నిమిషాలు ఆగండి. చర్మం తెల్లగా పాలిపోవడం కళ్లతో చూశాక మొదలుపెట్టండి.

మన దగ్గర దొరికే సీసాల్లో సాధారణంగా 1:2,00,000 ఉంటుంది, అంటే మి.లీ.కి 5 మైక్రోగ్రాములు. లేబుల్ మీద 0.005 మి.గ్రా. అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దంతవైద్యులు వాడేది 1:80,000, అందులో మి.లీ.కి 12.5 మైక్రోగ్రాములు. రెండూ ఒకటి కావు.

తయారుగా కలిపిన సీసా లేకపోతే మనం కలుపుకోవచ్చు, కానీ ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. 1:1000 ఆంపూల్‌లో 1 మి.లీ.కి 1 మి.గ్రా. ఉంటుంది. అందులోంచి 0.1 మి.లీ. తీసి 20 మి.లీ. లిగ్నోకైన్‌లో కలిపితే 1:2,00,000 వస్తుంది. ఆ 0.1 మి.లీ. తీయడానికి ఇన్సులిన్ సిరంజి తీసుకుంటే అది 40 యూనిట్లదా, 100 యూనిట్లదా చూడండి. 40 యూనిట్ల సిరంజిలో 0.1 మి.లీ. అంటే 4 యూనిట్లు, 100 యూనిట్ల సిరంజిలో 10 యూనిట్లు. ఒకదాని లెక్కతో రెండోదాన్ని లాగితే రెండున్నర రెట్లు తేడా వస్తుంది. మి.లీ. గీతలున్న 1 మి.లీ. ట్యూబర్క్యులిన్ సిరంజి దొరికితే అదే వాడండి. కలిపాక సిరంజికి ప్లాస్టర్ అంటించి ఏం కలిపారో రాయండి. ట్రేలో పేరులేని సిరంజి ఒక్కటి కూడా ఉండకూడదు.

వేళ్లకు అడ్రినలిన్ ఇవ్వకూడదని మనందరం చదువుకున్నాం. ఆరోగ్యంగా ఉన్న వేళ్లలో పలచని అడ్రినలిన్ సురక్షితమేనని చేతి సర్జన్లు ఇప్పుడు చాలా అనుభవంతో చెబుతున్నారు. అది నిజమే. అయినా పీహెచ్‌సీలో నేను వేలికి ఒట్టి లిగ్నోకైనే ఇస్తాను. చుట్ట, బీడీ అలవాటున్నవారు, షుగరు ముదిరినవారు, అప్పటికే వేలు నలిగి నల్లబడ్డవారు మన దగ్గర ఎక్కువ. కళింగపట్నం వైపు నుంచి జాలరి బొటనవేలిలో గాలంతో వస్తే వేలికి రెండు పక్కలా 2 శాతం ఒట్టి లిగ్నోకైన్ 1 నుంచి 1.5 మి.లీ. చొప్పున ఇచ్చి, అయిదు నిమిషాలాగి, గాలం ముల్లు బయటికి తోసి కత్తిరించేయొచ్చు. అడ్రినలిన్ అవసరమే ఉండదు. పురుషాంగానికి మాత్రం ఎప్పుడూ వద్దు. బీపీ అదుపులో లేనివారికి, గుండెజబ్బు ఉన్నవారికి అడ్రినలిన్ లేని సీసాయే తీయండి.

తేలు కుట్టినవాళ్లు వేసవి రాత్రుళ్లు తప్పకుండా వస్తారు. కుట్టిన చోట ఒట్టి లిగ్నోకైన్ రెండు మూడు మి.లీ. ఇస్తే ఆ మంట నుంచి పెద్ద ఉపశమనం. అడ్రినలిన్ కలిసిన సీసా మాత్రం ముట్టుకోవద్దు. ఆ విషం వల్ల ఒంట్లో అలాంటి రసాయనాలు అప్పటికే పొంగుతుంటాయి. నొప్పి తగ్గిందని ఇంటికి పంపించేయకండి. చెమటలు, చల్లబడ్డ చేతులు, ఆయాసం కనిపిస్తే మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ తేలు విషానికి విరుగుడుగా పనిచేస్తుందని నిరూపించి చూపిన ప్రాజోసిన్ మందు సంగతి గుర్తు తెచ్చుకోండి.

మంట, చీము, సోడా బైకార్బొనేట్

సూది పోటు కన్నా మందు వెళ్లేటప్పటి మంటే ఎక్కువ బాధిస్తుందని రోగులు అంటారు. అడ్రినలిన్ చెడిపోకుండా ఉండాలని ఆ సీసాను ఆమ్లంగా తయారుచేస్తారు, పీహెచ్ 4 దరిదాపుల్లో ఉంటుంది. 10 మి.లీ. లిగ్నోకైన్‌కు 1 మి.లీ. సోడియం బైకార్బొనేట్ కలిపితే మంట బాగా తగ్గుతుంది. మన స్టోర్‌లో దొరికే 7.5 శాతం ఆంపూల్ దీనికి సరిపోతుంది. పిల్లల పెదవి, కనురెప్ప దగ్గర కుట్లకు ఇది తప్పక చేయండి. కలిపింది అప్పటికప్పుడే వాడేయాలి, దాచకూడదు. బుపివకైన్‌లో, రోపివకైన్‌లో ఇదే కొలత కలపకండి. ద్రవం బియ్యం కడుగులా తెల్లబారి మందు గడ్డకడుతుంది.

చీముగడ్డ మీద లోకల్ పనిచేయదెందుకో కూడా ఇక్కడే అర్థమవుతుంది. విద్యుదావేశం లేని అణువులే నరం పొరను దాటగలవు. చీముపట్టిన కండ ఆమ్లంగా ఉంటుంది కాబట్టి అణువుల్లో ఎక్కువ భాగం ఆవేశంతో బయటే నిలిచిపోతాయి. గడ్డ మధ్యలో ఇంకో 5 మి.లీ. పొడిస్తే నొప్పి పెరుగుతుందే తప్ప మత్తు రాదు. గడ్డకు దూరంగా, మంచి చర్మంలో చుట్టూ ఇవ్వండి, లేదా ఆ భాగానికి వెళ్లే నరాన్ని బ్లాక్ చేయండి.

సీసా మూత కింద దాగినవి

పదేపదే సూది దించే సీసాల్లో మిథైల్ పారాబెన్ అనే ప్రిజర్వేటివ్ ఉంటుంది. చర్మం కిందికి పరవాలేదు. వెన్నులోకి, ఎపిడ్యూరల్‌కు, బయర్స్ బ్లాక్‌కు ఆ సీసా వాడకూడదు. ఒక్కసారికే పనికొచ్చే, ప్రిజర్వేటివ్ లేని ఆంపూల్ కావాలి. "ఆ సూది నాకు పడదు" అని ఎవరైనా అంటే కొట్టిపారేయకుండా ఏం జరిగిందో అడగండి. గుండె దడ వచ్చిందంటే అది అడ్రినలిన్ కావచ్చు. కళ్లు తిరిగి పడిపోతే భయం కావచ్చు. దద్దుర్లు, ఊపిరాడకపోవడం అయితే నిజమైన అలర్జీగానే చూడండి, ప్రిజర్వేటివ్ మీద కూడా అనుమానం పెట్టండి. లిగ్నోకైన్ మీద నిజమైన అలర్జీ చాలా అరుదు. చర్మం మీద టెస్ట్ డోసు వేసి వాపు రాలేదంటే ఇక ఎంత ఇచ్చినా ఫరవాలేదని కాదు. విషప్రభావం సంగతి ఆ టెస్టుకు తెలియదు.

స్పైనల్‌కు వాడే హెవీ బుపివకైన్‌లో కలిపేది డెక్స్‌ట్రోజ్, మి.లీ.కి 80 మి.గ్రా. వెన్ను నీటికన్నా బరువు కాబట్టి మందు కిందికి దిగుతుంది, టేబుల్ వాల్చి దాన్ని ఎంతవరకు పాకించాలో చూసుకోవచ్చు. ఇది మత్తు డాక్టరు పని, వివరాల్లోకి పోను. కానీ ఆంపూల్స్ సర్దే నర్సమ్మలకు ఒక మాట చెప్పాలి. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ ఆంపూల్, హెవీ బుపివకైన్ ఆంపూల్ చూడ్డానికి ఒకేలా ఉండి, ఒకటి అనుకుని ఇంకోటి వెన్నులోకి ఇచ్చి ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. ఆ రెండూ ఒకే ట్రేలో, ఒకే అరలో పెట్టకండి అమ్మా. ఆంపూల్ విరిచే ముందు పేరు పైకి చదివి వినిపించండి.

నరం బ్లాక్‌లో డెక్సామిథాసోన్ 4 మి.గ్రా. కలిపితే పట్టు కొన్ని గంటలు పెరుగుతుంది. క్లోనిడిన్, డెక్స్‌మెడిటోమిడిన్ కూడా పొడిగిస్తాయి కానీ బీపీ, నాడి పడిపోవచ్చు. మానిటర్ లేని గదిలో వీటి జోలికి వెళ్లొద్దు.

ఉద్దానం మనిషి ముందున్నప్పుడు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, అంటే కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే ఉద్దానంలో పనిచేసేవాళ్లకు ఇది ప్రత్యేకంగా రాయాలి. కిడ్నీ జబ్బు ముదిరిన మనిషి ఒళ్లు ఆమ్లంగా ఉంటుంది, పొటాషియం పెరిగి ఉండొచ్చు. రెండూ బుపివకైన్ గుండెకు చేసే హానిని పెంచుతాయి. లిగ్నోకైన్‌ను లివరే విరుస్తుంది, కానీ విరిగాక మిగిలే పదార్థాలు కిడ్నీ దారినే పోవాలి. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలపడం) ఆపరేషన్‌కైనా, మామూలు కుట్లకైనా బరువు లెక్క వేశాక అందులోంచి అయిదో వంతు తగ్గించి ఇవ్వండి. ఫిస్టులా ఉన్న చేతికి డయాలసిస్ సూదులు, తప్పనిసరి కుట్లు తప్ప వేరే సూదులు వద్దు, ఆ చేతికి బీపీ పట్టీ కూడా వద్దు.

డయాలసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు ఆ లావు సూదులు భరించేవాళ్లకు లిగ్నోకైన్, ప్రిలోకైన్ చెరి 2.5 శాతం ఉన్న క్రీము ఎంత మేలు చేస్తుందో చాలామందికి ఎవరూ చెప్పరు. సూది పడే చోట మందంగా రాసి, పైన ప్లాస్టిక్ పొర కప్పి, గంట ఆగాలి. బస్సు ఎక్కే ముందు ఇంట్లోనే రాసుకుని వస్తే సరిపోతుంది. సూది గుచ్చే ముందు దాన్ని తుడిచి, చర్మాన్ని మామూలుగా శుభ్రం చేయించమని కూడా చెప్పండి.

ఎక్కించేటప్పుడు, ఎక్కించాక

గది సిద్ధంగా ఉండాలి: ఆక్సిజన్, అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), సక్షన్, మిడజోలమ్. వీలుంటే ముందే ఒక ఐవీ లైను. సూది దించాక వెనక్కి లాగి చూడండి, రక్తం రాకపోతే 3, 4 మి.లీ. చొప్పున ఆగి ఆగి ఇవ్వండి. మధ్యలో మాట్లాడిస్తూ ఉండండి. "ఏ ఊరమ్మా, పంట ఎలా ఉంది" అని అడగడం పరీక్షే. మాట ముద్దగా రావడం, నోట్లో ఇనుము రుచి, పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఉన్నట్టుండి మగత, లేదా కారణం లేని కంగారు, వీటిలో ఏది కనిపించినా సూది ఆపేయండి. ఇచ్చాక కూడా అరగంట కనిపెట్టి ఉండండి.

ఫిట్స్ వస్తే ముందు శ్వాస. ఆక్సిజన్ ఇచ్చి ఊపిరి ఆడేలా చూడటమే అన్నిటికన్నా పెద్ద వైద్యం, ఆ తర్వాత మిడజోలమ్. గుండె లయ తప్పినా, బీపీ పడిపోయినా 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (సిరలోకి ఎక్కించే కొవ్వు ద్రవం) కావాలి. కిలోకు 1.5 మి.లీ. రెండు మూడు నిమిషాల్లో, ఆపైన నిమిషానికి కిలోకు 0.25 మి.లీ. నలభై కిలోల మనిషికి మొదట 60 మి.లీ., తర్వాత నిమిషానికి 10 మి.లీ. మొత్తం కిలోకు 12 మి.లీ. దాటొద్దు. ఈ సందర్భంలో అడ్రినలిన్ మామూలు 1 మి.గ్రా. డోసు కాదు, కిలోకు 1 మైక్రోగ్రాము లోపే. సీపీఆర్ త్వరగా వదిలేయకండి, గంట తర్వాత తిరిగొచ్చినవాళ్లున్నారు. పాలలా తెల్లగా ఉంటుంది కదా అని ప్రోపోఫాల్‌ను లిపిడ్‌కు బదులుగా వాడకండి. మీ ఆసుపత్రిలో లిపిడ్ సీసా ఎక్కడుందో ఈరోజే వెళ్లి చూసి రండి. ఒక్కటి కూడా లేకపోతే ఇండెంట్ రాయండి, ఈలోగా అవసరమొస్తే 108ను వెంటనే పిలవండి.

చివరగా కేస్ షీట్. "లోకల్ ఇచ్చి కుట్లు వేశాం" అని రాయకండి. "బరువు 42 కిలోలు. లిగ్నోకైన్ 1 శాతం, అడ్రినలిన్ లేదు, 9 మి.లీ., 90 మి.గ్రా., ఉదయం 10.40" అని రాయండి. తర్వాత ఏదైనా తేడా వచ్చి ఆ రోగిని శ్రీకాకుళానికో, విజయనగరానికో పంపాల్సి వస్తే, అక్కడి డాక్టరు ఇంకెంత ఇవ్వొచ్చో, ఎంత ఇవ్వకూడదో ఆ ఒక్క లైను చూసి తేల్చుకుంటాడు.